గీత గుమ్మడి, గుంట గుడ్డు

మా పాపకి గుడ్డు పడదు. నాకూ మా అత్తయ్యకీ కూడా పడదని మా వీధిలో వాళ్ళ అభిప్రాయం. మొదటిది డాక్టరు చెప్పిన మాట కాబట్టి నిజం. రెండోది గోడకి చెవి ఆనించి విన్నవాళ్ళ మాట. మేమిద్దరం గట్టిగా మాట్లాడుకుంటాం, అంతే. నేను పనిచేసేది పెద్ద లాండ్రీలో. అక్కడ ఆవిరి యంత్రాల రొదలో అరిస్తే గానీ పక్కవాళ్ళకి వినబడదు. ఆవిడేమో బతుకంతా కుట్టుమిషను తొక్కుతూ, దాని చప్పుడు మీదుగానే మాట్లాడారు. అలాంటి ఇద్దరం ఒక వంటింట్లో చేరితే వీధికి టిక్కెట్టు లేని నాటకమే.

మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. తెల్లారకముందే డిపోలో ఉండాలి. నేను వెలుగొచ్చాక బయల్దేరతాను. పాపని లేపడం, తినిపించడం, స్కూలు వ్యాను ఎక్కించడం, మధ్యాహ్నం దింపుకోవడం, నేనొచ్చేదాకా కనిపెట్టుకుని ఉండడం అన్నీ అత్తయ్యే. పాపకి మంచి పేరే పెట్టాం కానీ ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు, అందరం పిడుగనే అంటాం. ఒకటో తరగతి పిల్ల. దానికి తగ్గ పేరే.

ఎవరి వేళ వాళ్ళకున్న ఇంట్లో పొద్దున్నే పొయ్యి దగ్గర నిలబడే తీరిక ఎవరికుంటుంది? అందుకే ఆదివారం వారానికి సరిపడా బిస్కెట్లు చేసి ఫ్రీజర్లో పెట్టుకుంటాం. బిస్కెట్లంటే కొట్లో పొట్లం కట్టి అమ్మే కరకరలాడేవి కావు. అరచేతి నిండా వచ్చే మెత్తనివి, కడుపులో కూర దాచుకున్నవి. ఒకటి వేడి చేసుకుని తింటే మధ్యాహ్నం దాకా ఆకలి గుర్తుకు రాదు.

పిండి పని అత్తయ్యది. మైదాలో ఉప్పు, బేకింగ్ పౌడర్ జల్లించి, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన వెన్నని ముక్కలు చేసి వేళ్ళ కొసలతో నలుపుతారు. వెన్న కరగకూడదు. కరిగితే పొరలు రావు, రాయి వస్తుంది. నాకు కోపమొస్తే చేతులు వేడెక్కుతాయట, అందుకని నన్ను పిండి ముట్టనివ్వరు. "నీకెలాగూ ముక్కు మీదే ఉంటుంది కోపం, అది చేతుల్లోకి దిగడానికెంతసేపు?" అంటారు. చల్లటి పాలు పోసి పిండిని దగ్గరికి తెచ్చి, పిసక్కుండా మడిచి ఒత్తి, మళ్ళీ మడిచి ఒత్తి, గ్లాసు బోర్లించి బిళ్ళలు కోస్తారు. నేను ఒక బిళ్ళ మీద కూర పెట్టి, పైన ఇంకో బిళ్ళ మూసి ఆవిడ ముందుకి తోస్తాను. ఆవిడ చుట్టూ అంచు నొక్కి, పైన గుర్తు పెట్టి, పాలు పూస్తారు.

గుర్తు ఎందుకంటే, ఆయనకి గుడ్డు కావాలి, పాపకి గుడ్డు తగిలితే గొంతు మూసుకుపోతుంది. అసలు ఇంట్లో గుడ్డే వద్దన్నాను నేను. ఆయన సరేనన్నారు కూడా. అత్తయ్య ఒప్పుకోలేదు. "వాడు బస్సు నడిపేది గాలి తినా? అంత బండి, అంతమంది జనం. వాడి కడుపు నిండాలి. వేరుగా చేద్దాం, గుర్తు పెడదాం. గుర్తు పెట్టడం నాకు నేర్పకు. ఎన్ని వందల జాకెట్లకి సుద్దతో గుర్తులు పెట్టానో, ఒక్కటి ఇంకొకరి ఒంటికి వెళ్ళిందా?" అన్నారు. వెళ్ళలేదు. అది నేనూ ఒప్పుకోవాలి.

అలా పాప కోసం గుమ్మడి, ఆయన కోసం గుడ్డు. గుమ్మడి కోరు ఉల్లిపాయతో వేయించి కాస్త చీజ్ కలిపితే పచ్చగా ఉంటుంది. మిరియాలు చల్లి పొరటు చేసిన గుడ్డూ పచ్చగానే ఉంటుంది. విరిచి చూసినా చిన్నపిల్ల పోల్చుకోలేదు. అందుకని పైనే తెలియాలి. చాకు వీపుతో ఒక గీత గీస్తే గుమ్మడి. బొటనవేలితో నొక్కి గుంట పెడితే గుడ్డు. మర్చిపోకుండా అత్తయ్యే ఒక మాట కట్టారు: గీత గుమ్మడి, గుంట గుడ్డు. పిడుగు దాన్ని తాడాట ఆడుతూ పాడుకునేది.

ముందు గుమ్మడివి మొత్తం చేసి, ఓవెన్లో కాల్చి, బల్ల కడిగాకే గుడ్డు తట్ట ఎక్కుతుంది. తట్ట మార్చినప్పుడు నేను "ఇక గుడ్డు" అని కేకేస్తాను, ఆవిడ "ఊఁ" అంటారు. అన్నీ చల్లారాక గుర్తులు చూసి గీతవి ఒక డబ్బాలో, గుంటవి ఒక డబ్బాలో సర్దేది ఆవిడే. ఆ వేళకి నేను పాపకి తలంటుతూ ఉంటాను.

ఆ సోమవారం తెల్లారకముందే ఆయన తన డబ్బాలోంచి బిస్కెట్లు వేడి చేసుకుని, కాగితంలో చుట్టుకుని వెళ్ళిపోయారు. వెలుగొచ్చాక నేను గుమ్మం దగ్గర బూట్ల లేసులు కట్టుకుంటున్నాను. పిడుగు స్టూలు మీద కూచుని కాళ్ళూపుతూ తింటోంది. అత్తయ్య దాని వెనక నిలబడి జడ అల్లుతున్నారు.

"నానమ్మా, ఇవాళ గుమ్మడి నాలిక్కి గుచ్చుకుంటోంది," అంది.

"మిరియం తగిలుంటుందే. నీళ్ళు తాగు," అన్నారు అత్తయ్య.

గుమ్మడిలో మేము మిరియాలు వెయ్యం. ఆ సంగతి నా బుర్రకి తట్టి తలెత్తేసరికే దాని పై పెదవి ఉబ్బుతోంది. బుగ్గల మీద ఎర్రటి దద్దుర్లు. గొంతు దగ్గర చెయ్యి పెట్టుకుని నా వంక చూసింది, ఏడవలేదు. ఏడవడానికి ఊపిరి కావాలి కదా. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇలాంటప్పటికని డాక్టరు ఇప్పించిన ఇంజెక్షను అలమారలోంచి ఎలా తీశానో, పాప తొడలో ఎలా పొడిచానో నాకు తెలీదు. చేతులే చేశాయి. పక్కింటి ప్లంబరు తన వ్యానులోంచి గొట్టాలన్నీ రోడ్డు మీద పారేసి మమ్మల్ని ఎక్కించుకున్నాడు. అత్తయ్య సగం అల్లిన జడ వదలకుండా అలాగే పట్టుకుని వ్యాను దాకా వచ్చారు. నేను ఆ చెయ్యి విదిలించాను.

పిల్ల దక్కింది. ఆస్పత్రిలో ఒక రాత్రి ఉంచుకుని, మర్నాడు మధ్యాహ్నం పంపేశారు. "ఇంజెక్షను ఇంకాస్త ఆలస్యమై ఉంటే..." అని డాక్టరమ్మ ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. నేనూ చెయ్యమనలేదు.

ఇంటికి రాగానే పాప మంచమెక్కి నిద్రపోయింది. మేం ముగ్గురం వంటింట్లో బల్ల చుట్టూ కూచున్నాం. నేను ఇంకా ఎవరినీ ఏమీ అడగకముందే అత్తయ్య భుజాలు తడుముకున్నారు.

"నేను సరిగ్గానే పెట్టాను. కేక మారిందేమో," అన్నారు.

"ఏ కేక?"

"నువ్వు గుమ్మడంటే గీత పెట్టాను, గుడ్డంటే గుంట పెట్టాను. నువ్వు దేన్ని ఏమన్నావో నాకేం తెలుసు? మూసి కదా ఇస్తావు."

ఆయన బల్ల మీద పిండి మరకని గోటితో గీకుతూ కూచున్నారు. "నాకేమో గుమ్మడి వచ్చింది నిన్న," అన్నారు మెల్లగా. "మొదటి ట్రిప్పు అయ్యాక టెర్మినస్‌లో తిన్నాను. గుంటది. లోపల గుమ్మడి. అంటే మొత్తం తిరగబడిందన్నమాట. ఆదివారం నువ్వు ఫోన్లో సూపర్‌వైజరుతో పోట్లాడుతూనే చేశావుగా. ఆ చిర్రుబుర్రుల్లో ఏం కేకేశావో నీకు మాత్రం గుర్తుందా?"

నాకు గుర్తుంది. గుర్తుందనే అనుకున్నాను. కానీ ఆయన అలా అడిగేసరికి ఆ నమ్మకం పోయింది. ఆ రోజు నిజంగానే ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని చేశాను. గుమ్మడీ, గుడ్డూ, రెండూ 'గు' తోనే మొదలవుతాయి. నోరు జారితే ఏ నోరు చెప్తుంది జారానని? నా కూతురి గొంతు నేనే నొక్కానా అనిపించింది. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది, తిరిగి తిట్టేదాన్ని. సెలవు రాసిచ్చి వస్తానని చెప్పి డిపోకి వెళ్ళిపోయారు. అత్తయ్య పాప దగ్గరికి వెళ్ళి కూచున్నారు.

ఒక్కదాన్నే ఉన్నాక ఒళ్ళు మండడం మొదలైంది. తాడో పేడో ఇప్పుడే తేలిపోవాలనుకున్నాను. కేక మారి ఉంటే అన్నీ మారాలి. గీతవన్నీ గుడ్డు కావాలి, గుంటవన్నీ గుమ్మడి కావాలి. ఫ్రీజరు తెరిచి రెండు డబ్బాలూ బల్ల మీద బోర్లించాను. గడ్డకట్టిన బిస్కెట్లు రాళ్ళలా దొర్లాయి. గీతవి ఒక పక్క, గుంటవి ఒక పక్క పెట్టుకుని, పెద్ద చాకు తీసుకుని నడిమికి కొట్టాను.

మొదటి గీతలో గుడ్డు వచ్చింది. నాదే తప్పన్నమాట. రెండోదాన్ని కొట్టాను. గుమ్మడి. మూడోది కూడా గుమ్మడే. తర్వాత మళ్ళీ గుడ్డు. నాకేమీ అర్థం కాలేదు. గుంటవాటి మీద పడ్డాను. గుడ్డు, గుమ్మడి, గుమ్మడి, గుడ్డు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను, వేలితో గోకి చూశాను. ఆఖరిదాకా కొట్టాను. బల్ల నిండా పచ్చటి ముక్కలు. ఏ గుర్తుకీ ఏ కూరకీ పొత్తు లేదు.

నేను కేకేసేది తట్టకి ఒక్కసారే. నేను తప్పు కేకేస్తే తట్ట మొత్తం తప్పవుతుంది. ఇలా ఒకటి ఒప్పూ ఒకటి తప్పూ అవ్వదు. ఒకే తట్ట మీద, ఒకే కూర మీద, ఒకసారి గీతా ఒకసారి గుంటా పెట్టిన చెయ్యి నాది కాదు.

నేను బతికిపోయాను. ఆ క్షణంలో మొదట కలిగింది అదే, సంతోషం. సిగ్గుపడను, చెప్తున్నాను. తల మీద నుంచి బండ దింపినట్టయింది. ఎవరి తల మీదికి దించానో చూసేసరికి ఆవిడ గుమ్మంలో నిలబడి ఉన్నారు.

అత్తయ్య బల్ల దగ్గరికి వచ్చారు. ఒక్కో ముక్కనీ తిప్పి పైన గుర్తు చూశారు, కింద కూర చూశారు. దర్జీ కళ్ళు కదా, కుట్టు ఎక్కడ తప్పిందో వెతికినట్టు వెతికారు.

"ఇది నా వేలే," అన్నారు ఒక గుంట మీద తన బొటనవేలు ఆనించి. అది అచ్చంగా సరిపోయింది. లోపల గుమ్మడి ఉంది.

"అత్తయ్యా, గుంట దేనికి?"

"గుంట గుమ్మడికి, గీత గుడ్డుకి," అన్నారు తడుముకోకుండా. నా మొహం చూసి ఆగారు. "కాదు. గీత గుమ్మడికి, గుంట గుడ్డుకి." మళ్ళీ రెండూ పెదవుల మీదే అనుకుని చూసుకున్నారు. "రెండూ బాగానే ఉన్నాయి కదమ్మాయ్. రెండూ నోటికి ఒకేలా వస్తున్నాయి. ఎటు తిప్పినా పాటలాగే ఉంది. ఏది మనదో ఎలా తెలుస్తుంది?"

ఆవిడ అంత చిన్న గొంతుతో మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. మాట కట్టిందీ ఆవిడే, అది తలకిందులైనా పట్టుకోలేకపోయిందీ ఆవిడే. ఎటు అన్నా తాళం తప్పని మాట కాబట్టి నాలుక ఆవిడకి తప్పు చూపించలేదు.

కుర్చీ లాగి కూచోబెట్టాను. ఆవిడ చీర చెంగుతో బల్ల మీద ముక్కల్ని ఒక పక్కకి నెడుతూ, "వాడికి చెప్పకు," అన్నారు. "నేనే మానేస్తాను. చేతులు నొప్పులని చెప్తాను. వాడికి మాత్రం నాకు బుర్ర చెడిందని చెప్పకు. నువ్వు నన్ను ఎన్ని మాటలన్నా పడతాను, వాడు నన్ను జాలిగా చూస్తే పడలేను."

నాకు కోపం ఎక్కువే కానీ గుండె రాయి కాదు. ఈవిడ నా పురుడు పోసిన మనిషి. పెళ్ళైన కొత్తలో, లాండ్రీలో నా చెయ్యి కాలినప్పుడు నా నోట్లో ముద్ద పెట్టిన మనిషి. ఆ నిమిషంలో అనుకున్నాను, పోనీ, కేక నేనే తప్పుగా వేశానని ఒప్పేసుకుంటే పోయేదేముంది? ఆయన ఎలాగూ అదే నమ్ముతున్నారు. నా కోపానికి ఇంకో చెడ్డపేరు, అంతేగా. ఉన్నవాటికి తోడు. గొడవ లేకుండా సర్దుకుపోతుంది.

కానీ రేపు పొద్దున? నేను డ్యూటీకి వెళ్ళాక పిల్ల ఎవరి చేతుల్లో ఉంటుంది? బిస్కెట్లు మానేస్తే సరిపోతుందా? గ్యాసు పొయ్యి ఉంది, వ్యాను వచ్చే రోడ్డుంది, పాప జ్వరం మందు సీసా ఉంది. తప్పు నా మీద వేసుకుంటే ఆవిడ పరువు దక్కుతుంది. పిల్ల దక్కాలంటే నోరు విప్పాలి. రెండూ దక్కే దారి ఎంత వెతికినా నాకు కనిపించలేదు.

"చెప్పాలి అత్తయ్యా," అన్నాను. "పాప కోసం చెప్పాలి."

ఆవిడ తల ఊపారు. ఒప్పుకున్నట్టా, విన్నట్టా, తెలియలేదు.

ఆయన వచ్చేసరికి వెలుగు ఇంకా ఉంది. టోపీ కూడా తియ్యకుండా బల్ల వంక చూసి, "ఏంటిదంతా?" అన్నారు.

నేను గుక్క తిప్పుకునేలోపే అత్తయ్య అందుకున్నారు. "కేక మారిందిరా. కోడలే ఒప్పుకుంది. పాపం, ఫోన్లో ఉంది కదా. పోనీలే, ఏమీ అనకు."

ఆవిడ మొహంలోకి చూశాను. అబద్ధం ఆడుతున్నారో, ఇందాకటి మాటలన్నీ నిజంగానే మర్చిపోయారో నాకు తెలియలేదు. కళ్ళు నిబ్బరంగా ఉన్నాయి. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఇక మీదట ఈవిడ ఏం చెప్పినా నేను ఇలాగే మొహంలోకి చూసి వెతుక్కోవాలి కాబోలు.

"అత్తయ్యా," అన్నాను, ఆయన వినేలా. "గీత దేనికి?"

అడగకూడదని నాకు తెలుసు, కన్నకొడుకు ముందు అడగకూడదు. ఆవిడ నా వంక ఒక్కసారి చూశారు, వద్దన్నట్టు. తర్వాత కొడుకు వంక తిరిగారు. పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు. ఇందాక తడుముకోకుండా అన్నది కూడా ఇప్పుడు రాలేదు.

ఆయన వంగి, తల్లి భుజం మీద చెయ్యి వేసి, స్కూల్లో పక్కపిల్లాడికి అందించినట్టు మెల్లగా, "గుమ్మడికి కదమ్మా," అన్నారు.

"ఆఁ, గుమ్మడికి," అన్నారు ఆవిడ వెంటనే. "గీత గుమ్మడికి."

ఆయన ఆశ్చర్యపోలేదు. అదే నేను చూసింది. తల్లికి నోట మాట రాకపోతే ఏ కొడుకైనా కంగారు పడతాడు. ఈయన పడలేదు. మాట అందించడం ఆయనకి అలవాటైన పనిలా ఉంది.

"మీకు తెలుసు," అన్నాను.

"ఏంటి తెలిసేది?" అంటూ నీళ్ళు నమిలారు.

"ఎప్పటినుంచి?"

టోపీ తీసి బల్ల మీద ముక్కల మధ్యే పెట్టారు. "అమ్మ మార్కెట్టుకని బస్సెక్కి, దిగకుండా టెర్మినస్ దాకా వచ్చేసింది ఒకసారి. ఏ స్టాపులో దిగాలో తెలియలేదట. మా కండక్టరు గుర్తుపట్టి నాకు ఫోన్ చేశాడు. మళ్ళీ ఇంకోసారి అలాగే అయింది. అప్పట్నుంచి మావాళ్ళకి చెప్పి ఉంచాను, మా అమ్మ కనిపిస్తే కాస్త చూడండ్రా అని."

"డిపో మొత్తానికి తెలుసు. నాకు చెప్పలేదు."

"నీకు చెప్తే ఊరుకుంటావా? ఇంట్లో నిప్పు ముట్టుకోనివ్వవు, పాపని ముట్టుకోనివ్వవు. అమ్మకి ఇంకేం మిగుల్తుంది? వయసుకి కాస్త మరుపు వస్తే..."

"నిన్న నీ గుంటలో గుమ్మడి వచ్చింది." పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన్ని నువ్వని అనడం అదే మొదటిసారి. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గానీ నాకే తెలియలేదు. "టెర్మినస్‌లో కూచుని తిన్నావు. అప్పటికి పాప ఇంకా మంచం కూడా దిగలేదు. గుంటలో గుమ్మడి రాగానే నీకు తెలిసిపోయింది, అమ్మ గుర్తు తప్పిందని. చేతిలో ఫోనుంది. ఎందుకు చెయ్యలేదు?"

ఆయన టోపీకంటుకున్న పొడి దులిపారు.

"ఎందుకు చెయ్యలేదు?"

"ఒక్కటే తప్పయి ఉంటుందనుకున్నాను," అన్నారు. "ఫోన్ చేస్తే ఎందుకని అడుగుతావు. అడిగితే అంతా చెప్పాలి. సాయంత్రం వచ్చి నేనే డబ్బా చూసి తీసేద్దామనుకున్నాను. పాపది బాగానే ఉంటుందిలే అనుకున్నాను."

నాకు ఆయన్ని కొట్టాలనిపించింది. ఏడుస్తున్న మనిషిని ఎలా కొడతాం? డ్రైవరు చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుంటూ ఆయన చిన్నపిల్లాడిలా నిలబడ్డారు. నా నోటికొచ్చినవన్నీ అన్నాను. వీధికి వినపడిందో లేదో పట్టించుకోలేదు. మీ అమ్మ పరువుకి నా కూతురి ఊపిరి తూకం వేశావా అన్నాను.

మా మధ్య కుర్చీలో అత్తయ్య ఒక ముక్కని చేతిలో తిప్పుకుంటూ కూచున్నారు. మేము ఆవిడ గురించే అరుచుకుంటున్నామని మర్చిపోయి అరుచుకున్నాం.

"ఆపండి," అన్నారు.

ఆపాం.

"వాడికి తెలుసు. నాకూ తెలుసు, బస్సులో కూచుని ఏ స్టాపో తెలియక ఏడ్చినదాన్ని, నాకు తెలియదా? నీకూ తెలుసమ్మాయ్. కూరలో ఉప్పు రెండుసార్లు పడుతోందని ఎన్నాళ్ళుగా నామీద విరుచుకుపడుతున్నావు? ఎందుకు పడుతోందని ఒక్కసారి అడిగావా? అడిగితే తెలిసిపోతుందని అడగలేదు." చేతిలో ముక్కని బల్ల మీద పెట్టారు. "ముగ్గురికీ తెలుసు. తెలియంది తిన్నదానికే."

ఉప్పు మాట నిజం.

అప్పుడే లోపలి గదిలో మంచం కిర్రుమంది. మా గొడవకి లేచినట్టుంది. బొంగురు గొంతుతో, "నానమ్మా! ఆకలేస్తోంది!" అని పిలిచింది పిడుగు.

"వస్తున్నానే," అని లోగొంతుకతో అంటూ అత్తయ్య చప్పున లేచారు. రెండడుగులు వేశారు. చెయ్యి పాల గిన్నె దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆ గిన్నెనీ, పొయ్యినీ, మమ్మల్నిద్దరినీ చూసి, వెనక్కి వచ్చి కుర్చీలో కూచుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నారు.

"నువ్వెళ్ళమ్మాయ్," అన్నారు నాతో. "నేను బయటికెళ్ళానని చెప్పు."